పాలపిట్ట వన్నె గోడలు

దసరాకు ముందుగాని సంక్రాంతికి ముందుగాని ఇంటిగోడలకు సున్నము వేయుట మన కల్వకుర్తి ప్రాంతమున తరతరములుగా వచ్చుచున్న ఆచారము. వానలు వెలిసి, గోడల తడి యారి, పత్తి యేరుటకు ఇంకను కొన్ని దినముల వ్యవధి యున్నపుడు ఇల్లాండ్రు అటకలు దులిపి, అరుగులు అలికి, సున్నపుకుండను పెరటిలోనికి తెప్పింతురు. ఈ పని యెట్లు చేయవలెనో చెప్పుటకు పత్రిక అక్కరలేదు. కాని ఇటీవల ఒక క్రొత్త ప్రశ్న బయలుదేరినది. పట్టణములలో చదివి వచ్చిన పిల్లలు తెల్లగోడలతో తృప్తిపడుట లేదు. అర్రలోని గోడకు ఒక ప్రత్యేకమైన రంగు కావలెనని పట్టుబట్టుచున్నారు.

ఆ రంగు పూర్తిగా నీలము కాదు, ఆకుపచ్చయు కాదు. ఆ రెంటికిని నడుమ, పాలు కలిపినట్లు మెత్తనై, కంటికి చల్లగా నుండును. రంగుల దుకాణములలో దీనిని ‘టీల్’ అని పిలిచి, డబ్బాలపై ఆ పేరు వ్రాసి అమ్ముచున్నారు. టీల్ అనునది ఒక చిన్న బాతు పేరు. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చి మన చెరువులలో దిగు పక్షులలో అదియు నొకటి. మగపక్షి కంటిచుట్టు నుండు పట్టె వన్నెను బట్టి ఆంగ్లేయులు రంగునకు ఆ పేరు పెట్టిరి. రంగు పేరుగా ఆ మాట 1917 ప్రాంతమున వాడుకలోనికి వచ్చినది. మనకు ఆ బాతుతో పని లేదు. దసరానాడు జమ్మిచెట్టుకడకు పోవుచు మనమందరమును వెదకు పాలపిట్ట రెక్క విప్పినపుడు కనబడు వన్నెయే యిది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినపుడు పాలపిట్టయే రాష్ట్రపక్షిగా నిర్ణయింపబడినది. చేలలో మిడుతలను పురుగులను ఏరితిను పక్షి గనుక రైతునకు అది చుట్టమువంటిది. కావున ఈ వ్యాసమున మేము ఈ రంగును పాలపిట్ట వన్నె యనియే వ్యవహరించెదము.

సొగసునకు మాకు అభ్యంతరము లేదు. ఇల్లు అందముగా నుండవలెనని కోరుట రైతునకు తగని పని యని ఎవరైన అన్నచో మేము ఒప్పుకొనము. మా చింత వేరు. డబ్బారంగు కొనుటకై పంటకని తెచ్చిన అప్పులోనుండి సొమ్ము తీయుట యొకటి. ఆ రంగును పాత మట్టిగోడకు పూయుట రెండవది. మొదటిది ఇంటి లెక్కను చెరుపును, రెండవది గోడనే చెరుపును. ఈ రెండును లేకుండ ఆ వన్నెను పొందు మార్గము మన యిండ్లలోనే, మన తోటలలోనే యున్నది.

నల్లగొండ బత్తాయి తోటలను చూచినవారికి ఈ రంగు క్రొత్తది కాదు. బంకకారు తెగులు పట్టకుండ చెట్టుమొదళ్ళకు పూయు బోర్డో పేస్టు ఆరిన పిదప ఏ వన్నెలో నుండునో జ్ఞాపకము చేసికొనుడు. కిలో మైలుతుత్తము, కిలో సున్నము, పది లీటర్ల నీరు. ఇంతకుమించి అందేమియు లేదు. ఆకులపై పిచికారీ చేయుటకైనచో అవే పాళ్ళను నూరు లీటర్ల నీటిలో కలిపెదరు. దుకాణమువాడు మిక్కిలి వెల చెప్పు రంగు మన తోటలో చెట్టుచెట్టుకును పూసియున్నదన్న మాట.

ఈ మందు పుట్టుక కథ రైతులు వినదగినది. ఫ్రాన్సు దేశమున బోర్డో నగరమునకు చేరువనున్న మెడాక్ ప్రాంతమున ద్రాక్షతోటల రైతులకు బాటసారుల బెడద యుండెడిది. బాటప్రక్క సాళ్ళలోని పండ్లు నిలిచెడివి కావు. వారు మైలుతుత్తమును సున్నమును కలిపి ఆ తీగలపై చిలుకరించిరి. ఆకులు పండ్లు నీలవర్ణమై విషము పూసినట్లు కనబడుటచే దొంగలు వెరచి తొలగిపోయిరి. ఆ కాలముననే ఆ దేశపు ద్రాక్షకు బూజుతెగులు తగిలి తోటలన్నియు మాడిపోవుచుండెను. 1882లో మిలార్డే అను వృక్షశాస్త్రాచార్యుడు ఆ దారిని పోవుచు, లోపలి తీగల ఆకులు రాలిపోయినను బాటప్రక్క నీలపు ఆకులు మాత్రము పచ్చగా నిలిచియుండుట గమనించెను. పరీక్షలు చేసి 1885లో ఆ మిశ్రమమును లోకమునకు ప్రకటించెను. దొంగలను బెదరించుటకు పూసిన రంగే తెగులునకు మందైనది. నాటినుండి నేటివరకు, ఎన్ని క్రొత్త మందులు వచ్చినను, దానిని పూర్తిగా త్రోసివేయగలిగినది లేదు.

మైలుతుత్తము పేరులోనే ఈ వన్నె దాగియున్నది. సంస్కృతమున దీనిని మయూరతుత్థమందురు. అరవమున మయిల్ అనగా నెమలియే. నెమలికంఠపు రంగుగల ఉప్పు అని పూర్వులు పెట్టిన పేరది. అది రాగిని గంధకామ్లముతో కూర్చిన లవణము. పలుకులుగా నున్నపుడు ముదురు నీలము. నీటిలో కరిగించి సున్నపు తేటలో పోసినతోడనే రెండును కలిసి, రాగి మెత్తని నీలపు మడ్డిగా విడివడి సున్నపు రేణువులతో పెనగొనును. దానిని గోడకు పూసినపుడు సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల రాయిగా మారును. రాగియు తేమగాలిలో ఆ వాయువునే కొంచెము కొంచెముగా పీల్చి పచ్చదనమునకు తిరుగును. పాత రాగిచెంబునకు పట్టు చిలుము ఇట్టిదే. కావున వేసిననాడు గోడ లేతనీలముగా నుండి, పోనుపోను పాలపిట్ట వన్నెకు దిగును. తొలినాడే పచ్చదనము కానరాలేదని తుత్తమును మరింత కుమ్మరించువారు తరువాత చింతింతురు.

ఇక గోడల సంగతి. మన పల్లెలలో నేడు రెండు తెగల గోడలున్నవి. మట్టితోగాని, బురదపై రాళ్ళు పేర్చిగాని కట్టిన పాతగోడలొకటి; ఇటుక సిమెంటుతో లేచిన క్రొత్తగోడలు రెండవవి. శ్రీశైలము జలాశయమునుండి ఎత్తిపోతలచే కృష్ణనీరు ఈ మెట్టకెక్కిన పిదప రెండవ తెగ పెరుగుచున్నది, సంతోషమే. కాని మొదటి తెగ ఇంకను చాల యున్నది. అందు కాపురముండువారి మాటయే మాకు ముఖ్యము.

మట్టిగోడ నేలలోని తడిని పీల్చుకొని పైకెక్కించును. ఎండలో దానిని గాలికి విడుచును. సంవత్సరము పొడుగున ఈ రాకపోకలు సాగుచునే యుండును. సున్నపు పూత సూక్ష్మరంధ్రములు గలది గనుక తడిని అడ్డగింపదు. డబ్బాలలో నమ్ము ఎమల్షను రంగు గోడపై సన్నని పొరవలె పరచుకొనును. దాని వెనుక తడి చిక్కుకొని, లోపలి ఉప్పులతో కూడి, పొరను పొక్కులుగా లేపును. రెండు వానకాలములు గడచునప్పటికి పొర పెచ్చులు పెచ్చులుగా రాలును. ఉత్త రంగు రాలినను బాధ లేదు. దానితోపాటు గోడ పైమట్టి కూడ ఊడివచ్చును. అప్పుడు తాపీవాడు వచ్చి సిమెంటు పూత పూయుమని సలహా యిచ్చును. అది మరింత చేటు. సిమెంటు బిరుసు, మట్టి మెత్తన. ఎండకు వానకు అవి యొకతీరుగా సాగవు, ముడుగవు. పూత పలకగా విడివడి నిలుచును, వెనుక మట్టి నాని కరగుచుండును. బయటకు గట్టిగా కనబడు గోడ లోపల గుల్లయగుట ఇట్లే.

కావున మట్టిగోడకు సున్నమే తగినది. చవుడు పట్టిన చోట ముందుగా చవుడును గీకివేసి, మట్టితో అలికి, ఆరిన పిదపనే సున్నము ముట్టవలెను. సిమెంటు గోడ గలవారు సున్నముగాని డబ్బారంగుగాని వారి యిష్టప్రకారము వేసికొనవచ్చును. డబ్బా కొనువారు దానిపై సీసపు పరిమాణము వ్రాసియున్నదా యని మాత్రము చూచుకొనవలెను. రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించరాదని కేంద్రప్రభుత్వము 2016లో నియమములు చేసినది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. గోడ పెచ్చులను నోట పెట్టుకొను పసిపిల్లలున్న యింట ఇది చిన్నమాట కాదు.

సున్నమును సిద్ధము చేయుటలో మనవారు చేయు తొందర ఒకటి కలదు. ఉదయమున తడిపి సాయంకాలమే గోడకెక్కింతురు. చల్లారని సున్నపు పలుకులు గోడపై చేరి తరువాత విరిసి పూతను చిట్లించును. కాల్చిన సున్నము కిలోకు అయిదు లీటర్ల నీరు పోసి కలియబెట్టి, కనీసమొక రేయింబవళ్ళు నాననిచ్చి, ముతక బట్టతో వడకట్టవలెను. ప్రభుత్వ కట్టడముల శాఖవారి నియమావళిలోను ఇట్లే యున్నది. నాలుగైదు దినములు నానినచో మరియు మేలు. బట్టకు అంటకుండ నుండుటకు తుమ్మజిగురును వేడినీట కరగించి కొంచెము కలుపుదురు. జిగురు ఎక్కువైనచో పూత పొరలు లేచును గనుక చేయి అదుపులో నుండవలెను.

మైలుతుత్తమును వేరుగా ప్లాస్టికు బకెట్టులోగాని మట్టికుండలోగాని గోరువెచ్చని నీట కరగింపవలెను. ఇనుప బాల్చీ, రేకు డబ్బా పనికిరావు. తుత్తపునీరు ఇనుమును తినివేసి తనలోని రాగిని దానిపై దింపును, రంగు విరిగిపోవును. బోర్డో మిశ్రమము కలుపునపుడు ఇనుపకత్తి ముంచి చూచు పరీక్ష రైతులకు తెలిసినదే: కత్తికి ఎఱ్ఱని రాగిపూత అంటినచో సున్నము చాలలేదని గుర్తు. గోడ సున్నమునకు ఆ చింత లేదు, ఏలయన ఇందు సున్నము పాలు చాల హెచ్చు. లేతవన్నెకు కిలో సున్నమునకు ఏబది గ్రాముల తుత్తముతో మొదలుపెట్టవలెనని మేము చెప్పుదుము. కరిగిన తుత్తపునీటిని సున్నపు తేటలో సన్నని ధారగా పోయుచు కలుపవలెను. సున్నమును తుత్తములో పోయరాదు.

కలిపిన దానిని చూచి వన్నెను నిర్ణయింపరాదు. తడి సున్నము రంగు ముదురుగా కనబడి, ఆరినపుడు ఎంతో తేలిపోవును. అందుచే ఒక పెంకు ముక్కపై రెండు పూతలు వేసి, నీడలో ఒకదినము ఆరనిచ్చి, పిదప చూడవలెను. పగటివెలుగులో ఒకసారి, రాత్రి ఇంటిదీపము క్రింద మరియొకసారి చూచుట మంచిది. పసుపు వెలుగునిచ్చు బల్బు క్రింద ఈ వన్నె బూడిదకలిసిన పచ్చగా తోచును. తెల్లని ఎల్‌ఈడీ దీపము క్రింద నీలము పైకి వచ్చును. పగలు ముచ్చటపడి వేసికొని రాత్రికి ముఖము చిట్లించుకొనుటకంటె పెంకుముక్క పరీక్ష సులభము. ఒక గోడకు చాలినంత యంతయు ఒకేమారు కలుపుకొనవలెను. సగములో తీరిపోయి మరల కలిపినచో అతుకు కనబడును.

పూయుటకు ముందు గోడపై నీరు చిలుకరించి తడిచేయవలెను. ఎండవేళ, ఎండ సోకు గోడపై సున్నము వేసినచో నీరు ఉత్తగనే ఆవిరియై పోవును. రాయిగా మారుటకు తడి చాలక సున్నము పిండివలె రాలును. ఉదయము నీడవైపు, సాయంకాలము తూర్పువైపు వేయుట అనుభవజ్ఞుల పద్ధతి. చిక్కని పూత యొకటి కంటె పలుచని పూతలు మూడు మేలు. మొదటిది తెల్లసున్నముతోనే వేసి, తక్కిన రెంటిలో వన్నె కలిపినచో తుత్తము కలిసివచ్చును, రంగును నిగారించును.

తుత్తమునకు బదులు ఇంటనున్న వానినే కలిపి పచ్చదనము తేవచ్చునా యని అడుగువారున్నారు. నీలమునకు పసుపు చేర్చిన పచ్చ యగునుగదా యని వారి తలంపు. పసుపును సున్నమున కలిపిన ఏమగునో పెండ్లిపీటలపై కూర్చున్న ప్రతివారికిని తెలియును; పాదములకు పెట్టు పారాణి అదే. గోడ పచ్చబడుటకు మారుగా ఎఱ్ఱబడును, ఆపైన ఎండకు వెలిసిపోవును. అన్నభేది పలుకులు చూచుటకు లేత ఆకుపచ్చగా నుండును గనుక దానిని కలిపి చూచువారు మరికొందరు. అన్నభేది ఇనుపలవణము. సున్నముతో చేరి గాలి తగిలినతోడనే త్రుప్పురంగునకు దిగును. కాషాయపు గోడ కావలసినవారికి అది చవుకయైన మార్గమే. పాలపిట్ట వన్నె కావలసినవారికి కాదు. తుత్తములో అన్నభేది కల్తీయైనను ఈ దోషమే కనబడును. పలుకులలో ఆకుపచ్చవి కలిసియున్నచో, లేక పెంకుపై పూత మరునాటికి గోధుమరంగు తిరిగినచో ఆ సరకును తిరిగి పంపివేయవలెను. అదే సరకును బత్తాయిచెట్టుకు వాడినను ఫలితము తగ్గును గనుక ఈ గుర్తు తోటకును పనికివచ్చును. అద్దకపు పొడులలో ప్రష్యన్ నీలమనునది యొకటి. అదియు సున్నపు కారమునకు నిలువక చెడిపోవును.

ఇప్పుడు చెప్పబోవు మాటను సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెనని కోరుచున్నాము. మైలుతుత్తము విషము. నోటబడిన మనుష్యులకును హాని. కాని పశువులన్నింటిలోను గొఱ్ఱె రాగికి మిక్కిలి లోకువ. ఆవు ఓర్చుకొను మోతాదు గొఱ్ఱెను చంపును. రాగి దాని కాలేయములో కొంచెము కొంచెముగా పేరుకొని, పైకి ఏ గుర్తును కానరాక, ఒకనాడు హఠాత్తుగా పచ్చకామెరల రూపమున బయటపడును, మూత్రము ఎఱ్ఱనగును, రెండు మూడు దినములలో చచ్చిపోవును. మన జిల్లాలు గొఱ్ఱెలకు పేరుపడినవి. 2017లో ప్రభుత్వము గొఱ్ఱెల పంపిణీ పథకము నడపిన పిదప, మునుపు మంద లేని యిండ్లలోను దొడ్లు వెలిసినవి. ఉప్పదనము కొరకు గోడలు నాకుట గొఱ్ఱెకు సహజము. కావున గొఱ్ఱెలదొడ్డి గోడకుగాని, అవి మెడచాచి అందుకొనగల అరుగు గోడకుగాని తుత్తము కలిసిన సున్నము ఎట్టి పరిస్థితిలోను వేయరాదు. పశువుల గోలెములకు, నీళ్ళతొట్లకు ఇదే నియమము. అచట ఉత్త తెల్లసున్నము చాలును. పురుగు పుట్రకు అదియే మందు.

ప్రాకులాడు పిల్లలున్న యింట లోపలి గోడ క్రిందిభాగమునకును తుత్తము వద్దు. అట్టివారికి మార్గాంతరము లేకపోలేదు. బట్టలకు వేయు నీలపు పొడి, అనగా అల్ట్రామెరైను, సున్నమునకు చెడదు. 1820 ప్రాంతముల వరకు అది అఫ్ఘన్ దేశపు గనులలోని విలువైన రాతిని నూరి తీసిన వన్నె. ఆ దశకమున ఫ్రాన్సులో దానిని కృత్రిమముగా చేయుట కనుగొనబడిన పిమ్మట చాకలిమూటవరకు దిగివచ్చినది. దానికి గచ్చులకు వాడు ఆకుపచ్చ రంగుపొడిని చిటికెడు చేర్చినచో పాలపిట్ట వన్నెకు చేరువగా వచ్చును. సున్నమునకును సిమెంటునకును తట్టుకొనునని పొట్లముపై వ్రాసియున్న పొడినే కొనవలెను. సీసాలలో నమ్ము ద్రవనీలము వేరు సరకు, గోడకు తగదు. తుత్తము తెచ్చు మెత్తదనము దీనికి రాదని మా యభిప్రాయము, కాని పిల్లల కన్న గోడ ముఖ్యము కాదుగదా.

పచ్చరంగుల విషయమున జాగ్రత్త మనకే క్రొత్తగాదు. 1775లో స్వీడను దేశపు షీలే యను రసాయనజ్ఞుడు రాగిని పాషాణముతో కూర్చి కన్నులు చెదరు ఆకుపచ్చను తయారుచేసెను. తరువాతి శతాబ్దమున ఐరోపావారు దానిని, దాని తమ్మునివంటి పారిస్ పచ్చను గోడకాగితములకు, బట్టలకు, బొమ్మలకు గూడ పూసికొనిరి. తేమగదులలో ఆ కాగితములకు బూజు పట్టి విషవాయువు పుట్టుచున్నదని 1890 తరువాత గోసియో అను ఇటలీ వైద్యుడు నిరూపించెను. అదే పారిస్ పచ్చను అమెరికా రైతులు బంగాళాదుంప పురుగును చంపుటకు చల్లిరి. మన తుత్తమున పాషాణము లేదు, భయపడనక్కరలేదు. రంగు అందముగా నున్నదని లోపలి సరకు విచారింపకుండుట మాత్రము తగదు.

సున్నము కంటబడినచో చూపునకే ముప్పు. పైకప్పునకు వేయునపుడు అద్దములు పెట్టుకొనవలెను. చేతులకు కొబ్బరినూనె రాచుకొనవలెను. కంట పడినచో నలుపక, ధారగా మంచినీరు పోసి పావుగంట తక్కువగాకుండ కడిగి ఆసుపత్రికి పోవలెను. రాజస్థానమున జోధపురపు నీలిగోడలు చెదలను దరిజేరనీయవని చెప్పుకొందురు. మన నల్లచెదలు ఆ మాట వినినట్లు మాకు తోచదు. చెదలకని తుత్తము హెచ్చించుట వృథా.

ఇక ఈ వన్నె ఎచ్చట నొప్పును? ఇల్లంతయు దీనితో నింపుట మాకు నచ్చదు. మిద్దె యిండ్లలో నడిమి అర్రకు కిటికీలుండవు, ఉన్నను చిన్నవి. అచట మూడు గోడలు తెల్లగా నుంచి, దర్వాజకు ఎదురుగానున్న గోడకు మాత్రము ఈ వన్నె వేసినచో వెలుతురు తగ్గదు, గది చల్లగాను లోతుగాను కనబడును. వంటయింట పొగ యున్నంతకాలము తెల్లసున్నమే మేలు. పై కప్పు తెల్లగానే యుండవలెను. మిద్దె పైభాగమునకు సున్నము వేయుట వేడిని తగ్గించునని మన పెద్దలకు తెలియును, 2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని పైకప్పుల విధానము కూడ తెల్లని కప్పులనే ప్రోత్సహించుచున్నది. వీధిగోడకు వేయువారు అడుగున మూరెడెత్తు జాజుపట్టెను మానరాదు. వానచినుకులకు ఎగసిపడు ఎఱ్ఱమట్టి మరకలు జాజులో కలిసిపోవును, లేతవన్నెపై నైనచో ఏడ్చుచున్నట్లు కనబడును. అంతేగాక జాజు ఎఱుపు ప్రక్కన పాలపిట్ట వన్నె రెట్టింపు శోభించును. ముగ్గు వేయు ఇల్లాలికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. పట్నపు పుస్తకములలో ఈ రంగు ప్రక్కన బూడిదరంగు పెట్టి చూపుదురు. మన యెండలో బూడిదరంగు దుమ్ము పట్టినట్లే యుండును.

ఖర్చు సంగతి చెప్పి ముగింతుము. సున్నము, తుత్తము రెండును ఎరువుల మందుల దుకాణములలోను, సంతలోను దొరకునవే. అయినను ఒక్కొక్కరు పావుకిలో అరకిలో కొనినచో తూకములోను సరకులోను మోసపోవుట కలదు. 1844లో ఇంగ్లండున రాచ్‌డేల్ నేతగాండ్రు సహకార దుకాణము తెరచుటకు గల కారణములలో కల్తీ లేని పిండి, సరియైన తూకము ముఖ్యమైనవి. బత్తాయి రైతులకు ఎటులను తుత్తము తెప్పింపవలసియే యున్నది. పెచ్చులూడు గోడలు గలవారందరు తమకు కావలసిన తూకమును దసరాకు నెలదినముల ముందుగనే సంఘము గుమాస్తాకు వ్రాయించినచో, ఒకే బస్తా తెప్పించి, ఒకే పెంకుపై పరీక్షించి, అందరికిని పంచవచ్చును. సొమ్ము మాత్రము రొక్కముగా నీయవలెను. పంటఋణములోనుండి గోడఖర్చు తీసి, వాయిదా తప్పి, సకాలమున తీర్చినవారికి వచ్చు వడ్డీరాయితీని పోగొట్టుకొనుట ఏ రంగునకును తగిన వెల కాదు. ఈ సంవత్సరము చేతిలో రొక్కము లేనివారు తెల్లసున్నము వేసికొని ఊరకుండవచ్చును. వన్నె వచ్చు సంవత్సరము దాని పైననే వేయవచ్చును, గీకనక్కరలేదు. డబ్బారంగు వేసిన గోడపై సున్నము నిలువదని మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను. ఒకసారి ఆ దారి పట్టినవారికి మరలి వచ్చుట కష్టము.

పని ముగిసిన పిదప తుత్తము కలిసిన నీటిని చెరువులోనికిగాని కాలువలోనికిగాని పారబోయరాదు, చేపలు చచ్చును. పెరటిలో బావికి దూరముగా గుంట త్రవ్వి పూడ్చవలెను. తుత్తము కలియని తెల్లసున్నము మిగిలినచో కుండలో నుంచి, దానిపై రెండంగుళముల నీరు నిలిపి మూతపెట్టి యుంచినయెడల చెడక, సంక్రాంతికి మరింత మెత్తనై అక్కరకు వచ్చును.